ఐదో సందులో సున్నా

“పరీక్షలన్నీ పాసయ్యాయండీ,” అన్నాడు ఇంజనీరు.

కూర్చున్న దగ్గర్నుంచి ఇదే పాట. నేను ఎటు నుంచి నరుక్కొచ్చినా చివరికి అక్కడికే వచ్చి ఆగుతున్నాడు. నాకు ఒళ్ళు మండుతోంది. మందుల గోదాములో పెట్టెలు పక్కకి జరిపి వేసిన బల్లకి అటూ ఇటూ ఇద్దరం కూర్చున్నాం. మూడో కుర్చీలో ఇన్‌స్పెక్టరు కాలు మీద కాలు వేసుకుని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. డిపార్టుమెంటులో ఆయన్ని వెనకాల ‘ముగింపు’ అంటారు. ఏ కేసయినా మూడు రోజుల్లో ముగించెయ్యడం ఆయన ప్రత్యేకత. అది సరైన ముగింపేనా అన్నది ఆయన పట్టించుకునే విషయం కాదు.

ఈ కేసుకి ఇవాళ మూడో రోజు.

సోమవారం మధ్యాహ్నం ఇక్కడ రాక్‌ల మధ్య నలిగి సూపర్‌వైజరు చనిపోయాడు. ఈ గోదాము రాక్‌లు మామూలువి కావు. మనిషికి మూడింతల ఎత్తు, కింద పట్టాలు. చోటు కలిసిరావడానికి అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ఎక్కడి సరుకు కావాలంటే ఆ మీట నొక్కాలి. అక్కడ రాక్‌లు విడిపోయి సందు తెరుచుకుంటుంది, అంతకుముందు తెరిచి ఉన్న సందు మూసుకుపోతుంది. ప్రతి సందు మొదట్లో కంటికి కనపడని కిరణాలు రెండు అడ్డంగా ప్రసరిస్తుంటాయి. మనిషి లోపలికి వెళ్తే పైన ఎర్రటి అంకె ఒకటి పెరుగుతుంది, బయటికొస్తే ఒకటి తగ్గుతుంది. సున్నా ఉంటేనే రాక్‌లు కదులుతాయి. లేకపోతే ఎంత నొక్కినా కీచుమని అరుస్తాయే తప్ప అంగుళం జరగవు.

మీట నొక్కింది ఆపరేటరు అమ్మాయి. ఐదో సందు మీద సున్నా చూసి, తొమ్మిదో సందు కోసం నొక్కానంటోంది. ఐదో సందు చివర సూపర్‌వైజరు ఉన్నాడు. ప్రమాదంలో లాగాల్సిన తాడు సందు మొదట్లో ఉంది. అక్కడిదాకా ఆయన రాలేకపోయాడు. ఫ్యాన్ల హోరులో ఆయన కేక ఎవరికీ వినపడలేదు.

అంతకుముందే ఇద్దరూ గొడవపడ్డారు. సెలవు అడిగితే ఆయన కసిరాడు, ఈమె ఎదురు మాట్లాడింది. గోదామంతా విన్నారు. ఇన్‌స్పెక్టరుకి అది చాలు. సాయంత్రం నాలుగింటికి ఆ అమ్మాయిని హత్యానేరం కింద మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. నేను ఆమె తరఫు లాయర్ని. ఆమెని పెంచిన పిన్ని పొద్దుట్నుంచి నాకు ఫోన్లు చేస్తోంది. “దానికి బల్లిని కొట్టాలన్నా చేతులు వణుకుతాయమ్మా,” అంటుంది, ఏడుస్తుంది, పెట్టేస్తుంది. మళ్ళీ చేస్తుంది. చెప్పడానికి నా దగ్గర ఒక్క మంచిమాట కూడా లేదు.

ఇంజనీరు వైపు తిరిగాను. “మళ్ళీ మొదట్నుంచి చెప్పండి. నాకు అర్థమయ్యేలా.”

అతను నిట్టూర్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, కళ్ళ కింద నలుపు. ఈ రాక్‌లకి బుర్రలాంటి బోర్డులు చేసేది వాళ్ళ కంపెనీయే. పేరుకే కంపెనీ, ఉన్నది ఇద్దరే. కంపైలర్ ఇతను చూస్తాడు, పరీక్షలు ఇతని భార్య చూస్తుంది.

“రాక్‌లు ఎలా నడవాలో మేం మా సొంత భాషలో రాస్తాం. మా నాన్నగారు తయారుచేసిన భాష. దాన్ని బోర్డుకి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. పాత బోర్డులు ఇక దొరకట్లేదు. అందుకని కంపైలర్ని కొత్త ప్లాట్‌ఫామ్‌కి, అంటే కొత్త రకం బోర్డులకి, మార్చాం. పోర్టింగ్ అంటాం. ఏడాదిన్నర పట్టింది. రాక్‌ల ప్రోగ్రాము మాత్రం అక్షరం కూడా మార్చలేదు.”

“ఈ గోదాములో రెండు హాళ్ళున్నాయి. కొత్త బోర్డు ఎక్కడ పెట్టారు?”

“ఒకటో హాల్లో. పోయిన నెల. రెండో హాల్లో ఇంకా పాతదే.”

“మనిషి చచ్చింది ఒకటో హాల్లో.”

“పరీక్షలన్నీ…”

“పాసయ్యాయి. విన్నాను.”

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. “ఆయన్ని వదిలెయ్యండి మేడం. పాపం, కంప్యూటరు మనిషి. ఆ అమ్మాయి సొరుగులో మెరిసే స్టిక్కర్లు దొరికాయి. కిరణం ముందు అదొకటి అంటిస్తే చాలు, మనిషి వెళ్ళినా మెషీనుకి తెలీదు.”

“ఆ స్టిక్కర్ల వెనక కాగితం కూడా ఊడలేదు. నేను చూశాను.”

“ఒకటి వాడి, మిగతావి దాచుకుంది.”

“వాడిన స్టిక్కరు ఏదీ?”

“పీకి పారేసింది.”

“చూశారా, మీకు దొరికినవన్నీ సాక్ష్యాలు, దొరకనివన్నీ ఆ అమ్మాయి పారేసినవి. ఇంత సుఖమైన ఉద్యోగం ఇంకోటి లేదు.”

ఆయన నవ్వు ఆగింది. “మేడం, సూపర్‌వైజరు లోపలికి వెళ్ళాడని ఆ అమ్మాయికి తెలుసు. తనే చెప్పింది. తను సందులోంచి విసురుగా బయటికొస్తుంటే ఆయన ఎదురొచ్చాడట. భుజం తగిలిందట. కళ్ళారా చూసి, పావుగంటకి మీట నొక్కింది. దీన్ని ఏమంటారు?”

“మధ్యలో కౌంటరుకి వెళ్ళి పెట్టెలు దించి వచ్చింది. వచ్చేసరికి సున్నా ఉంది. ఆయన వెళ్ళిపోయాడనుకుంది. అంకెని నమ్మమని నేర్పింది మీరే కదా,” అని ఇంజనీరుని చూశాను.

అతను నన్ను చూడటం లేదు. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి కూర్చున్నాడు.

“భుజం తగిలిందా సార్?” అన్నాడు.

“ఆ. ఏం?”

“ఏం లేదు.”

ఏం లేదన్నప్పుడే ఏదో ఉంటుంది. నా కుర్చీ ముందుకు లాక్కున్నాను. “ఒకరు బయటికొస్తూ, ఇంకొకరు లోపలికి వెళ్తూ, ఇద్దరూ ఒకే క్షణంలో కిరణాలు దాటితే మీ ప్రోగ్రాము ఏం చేస్తుంది?”

“రెండు ప్రశ్నలు అడుగుతుందండీ. ఎవరైనా బయటికి వచ్చారా అని, ఎవరైనా లోపలికి వెళ్ళారా అని. అడిగినప్పుడే అంకె సరిచేసుకుంటుంది. రెంట్లో ఏది నిజమైనా అంకె మళ్ళీ చూపిస్తుంది.”

“ఏది నిజమైనా అంటే, ఒకటి నిజమైతే చాలు కదా? అలాంటప్పుడు రెండోది అడగడం ఎందుకు?”

“పాత బోర్డు ఎప్పుడూ రెండూ అడుగుతుంది.”

“కొత్తది?”

అతను నోరు తెరిచాడు. పరీక్షల పాట వస్తుందనుకున్నాను. రాలేదు.

“మొదటిదానికి అవును అని వస్తే, కొత్త ప్లాట్‌ఫామ్ రెండో ప్రశ్న జోలికి పోదు,” అన్నాడు మెల్లగా. “దాని పద్ధతి అంత. దాన్ని కంపైలర్‌లో నేను కట్టడి చెయ్యాలి. చేశాననే అనుకున్నాను.”

“అంటే ఆ అమ్మాయి బయటికి రావడం లెక్కలోకి వచ్చింది. ఆయన లోపలికి వెళ్ళడం గురించి ఎవరూ అడగలేదు.”

“కానీ అది పరీక్షల్లో దొరకాలండీ. దానికి పరీక్ష ఉంది.”

“పాసయిందని ఎవరు చెప్పారు? సరైన జవాబు ఇదీ అని మెషీనుకి ఎవరు చెప్పారు?”

ఇక దాచలేకపోయాడు. ఆ ఏడాదిన్నర విసుగంతా ఒక్కసారి బయటపడింది. పాత బోర్డు ఇచ్చిన జవాబుల పక్కన కొత్తదాని జవాబులు పెట్టి పోలుస్తారట. మొదటిసారి వేలల్లో తేడాలొచ్చాయి. అన్నీ చిల్లర తేడాలే. ఒకచోట చుక్క తరవాత సున్నా ఎక్కువ, ఇంకోచోట ఖాళీ తక్కువ. నెలరోజులు ఒక్కొక్కటే చూశాడు. గోదాము వాళ్ళు ఎప్పుడిస్తారని పీక్కుతింటున్నారు. చివరికి ఒకరోజు, అన్నీ ఇలాంటివేలే అని, కొత్త బోర్డు ఇచ్చిన జవాబుల్నే సరైన జవాబులుగా పెట్టేశాడు. ఆ క్షణం నుంచి పరీక్షలన్నీ పాసే.

“అంటే పిల్లాడు రాసిన పేపర్నే ఎదురుగా పెట్టుకుని, పిల్లాడికి నూటికి నూరు వేశారు,” అన్నాను.

అతను తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఆవులించాడు. “కథ బాగుంది. చూపించండి మరి.”

చూపించడానికే లేచాను.

ముందు రెండో హాలు. మోటార్లకి కరెంటు తీయించి, అంకెలు వెలిగే దీపాలకి మాత్రం ఉంచాం. ఇంజనీరుని సందులోకి పంపాను. అంకె ఒకటి అయింది. అతను బయటికొస్తుంటే, ఎదురుగా ఇన్‌స్పెక్టరుని లోపలికి నడవమన్నాను. సందు చిన్నది, ఆయన కాదు. ఇద్దరూ పక్కకి తిరిగి, భుజాలు రాసుకుంటూ దాటారు. పైన అంకె ఒకటి. ఇన్‌స్పెక్టరు లోపలున్నాడు, మెషీనుకి ఆ సంగతి తెలుసు. నాలుగుసార్లు చేయించాను. నాలుగుసార్లూ ఒకటే.

తరవాత ఒకటో హాలు. తలుపుకి పోలీసు సీలు. ఇన్‌స్పెక్టరు విప్పాడు. ఐదో సందుని అగ్నిమాపక దళం వాళ్ళు ఆ రోజే విడదీసి ఉంచారు. నేల కడిగారు కానీ పట్టాల సందున ఇంకా మరక ఉంది. ఒక కళ్ళద్దాల కాడ పట్టా పక్కన పడి ఉంది.

“కానివ్వండి,” అన్నాను.

ఇంజనీరు లోపలికి వెళ్ళాడు. ఒకటి. అతను బయటికొస్తుండగా ఇన్‌స్పెక్టరు లోపలికి. నేను తలెత్తి నిలబడ్డాను. సున్నా రావాలి. ఆ సున్నా కోసం నేను మొక్కని దేవుడు లేడు.

ఒకటి.

మళ్ళీ చేయించాను. ఒకటి. నెమ్మదిగా నడవమన్నాను, పరిగెత్తమన్నాను, ఆగి నడవమన్నాను. ఒకటి, ఒకటి, ఒకటి. ఇన్‌స్పెక్టరుకి చెమట పట్టింది కానీ ముఖంలో పెళ్ళికళ వచ్చేసింది.

“అయిపోయిందా మేడం? నాలుగింటికి నాకు కోర్టులో పనుంది. ఆ పిన్నిగారికి మీరే చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

రాక్‌ని ఒక్క తన్ను తన్నాలనిపించింది. తన్నాను కూడా. నా కాలే నొప్పెట్టింది. మెషీను సరిగ్గా ఉంటే ఆ అమ్మాయి అబద్ధం చెప్పినట్టు. ఆమె అబద్ధం చెప్పిందంటే నేను మూడు రోజులుగా గాలిలో మేడలు కడుతున్నట్టు. నామీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు ఇంజనీరుని చూశాను. అతని తప్పు ఏమీ లేదని మెషీనే సాక్ష్యం చెప్పింది. ఊపిరి పీల్చుకోవాలి కదా. ఆ మనిషి పాలిపోయి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“ఏమైంది?” అన్నాను.

“ఒకటి రాకూడదండీ. నేను రాసింది నాకు తెలుసు. సున్నాయే రావాలి.”

ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. “తప్పు చేశానని బతిమాలి ఒప్పుకునేవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నాను.”

నేను అప్పటికే హాలు చివరికి నడుస్తున్నాను. గోడకి వరసగా ఇనప పెట్టెలున్నాయి. ఫ్యూజులదొకటి, దీపాలదొకటి, బోర్డుదొకటి. అన్నింటి మీదా వేలు పెడితే గీత పడేంత దుమ్ము. బోర్డు ఉన్న పెట్టె మీద మాత్రం లేదు. మూత స్క్రూల చుట్టూ రంగు కొత్తగా లేచింది.

“ఇది ఎవరు విప్పారు?”

ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చి చూశాడు. కాలరు సర్దుకున్నాడు. “పొద్దున కంపెనీ తరఫున ఒకావిడ వచ్చింది. మోటార్లకి కరెంటు పూర్తిగా పోయిందో లేదో చూడాలి, ఇంకో ప్రాణం పోతే ఎవరిది పూచీ అంది. నిజమే కదా అని పంపించాను. పక్కన కానిస్టేబుల్ని కూడా ఉంచాను.”

“కానిస్టేబులు ఏం చేశాడు?”

“టార్చి పట్టుకున్నాడు.”

సాక్ష్యం మాయం చేస్తుంటే పోలీసులే వెలుతురు చూపించారు. ఆ మాట పైకి అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది, ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఇంజనీరు మూత తీసి లోపలికి చూశాడు.

“పాత బోర్డే తెచ్చి పెట్టేశారా?” అన్నాను.

“లేదు. పాతదానికి ఫ్యాను ఉంటుంది. ఇది కొత్తదే. కానీ ఇందులో ఉన్నది నేను పెట్టింది కాదు. తప్పు సరిదిద్దింది.”

“అయితే ఏమైంది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో ఇందాకటి ధీమా లేదు. “సోమవారం మనిషి పోయాడు. కంపెనీ వాళ్ళు భయపడి, తప్పు వెతుక్కుని, సరిచేసి తెచ్చి పెట్టారు. ఇది సాక్ష్యం తారుమారు చెయ్యడమే, ఒప్పుకుంటాను. అంతకుమించి ఏముంది?”

ఇంజనీరు పెదవులు కదులుతున్నాయి. ఏదో లెక్క వేస్తున్నాడు. వేసిన లెక్క నచ్చక మళ్ళీ వేస్తున్నాడు.

“పైకి చెప్పండి,” అన్నాను.

“మా కంపైలర్ కూడా మా భాషలోనే రాసి ఉందండీ. దాన్ని అదే కంపైల్ చేసుకోవాలి. దాంట్లో చిన్న మార్పు చేసినా, పాత మెషీను మీద ఒకసారి కంపైల్ చేస్తాం. వచ్చినదానితో మళ్ళీ కంపైలర్నే కంపైల్ చేస్తాం. దాంతో ఇంకోసారి. చివరి రెండూ పొల్లుపోకుండా ఒకటే అవ్వాలి. అవ్వకపోతే బోర్డు తీసుకోదు. మా నాన్నగారు పెట్టిన కట్టడి అది.”

“కొత్త మెషీను మీద చేస్తే తొందరగా అవదా?”

“అక్కడున్న కంపైలర్‌లోనే కదండీ తప్పుంది. పాత మెషీనుతోనే మొదలుపెట్టాలి. అది ఒక్కటే ఉంది, మా ఇంట్లో.”

“ఎంతసేపు పడుతుంది?”

“నాలుగు రోజులు. తగ్గదు.”

ఇవాళ బుధవారం. ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడిచాడు. మడిచిన వేళ్ళు విప్పకుండా అలాగే ఉండిపోయాడు. పొద్దున బోర్డులో పెట్టాలంటే శనివారానికే మొదలుపెట్టి ఉండాలి. మనిషి పోయింది సోమవారం.

రాక్‌లు మనిషిని నలిపెయ్యగలవని, అవి నలపకముందే ఒకరికి తెలుసు.

“శనివారం నుంచి మీ ఇంట్లో ఆ మెషీను మీద ఏం నడుస్తోంది?” అని అడిగాను.

అతను ఇనప పెట్టె మూత మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. చేతిలోంచి స్క్రూ జారి కింద పడింది. తియ్యలేదు.

“ఏవో పరీక్షలు అంది,” అన్నాడు చివరికి.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఇంతసేపూ ఈ మనిషిని పిండి పిప్పిచేశాను. ఇప్పుడు అడగడానికి ఏమీ మిగల్లేదు. అతని జేబులో ఫోను మోగింది. చూసి, మా ఇద్దరి ముఖాలూ చూసి, అందరికీ వినపడేలా తనంతట తానే నొక్కాడు.

“ఏవండీ, ఆ పిల్లని వదిలేశారా?” అంది అవతలి గొంతు. రొప్పుతోంది.

“లేదు. నువ్వు పొద్దున ఇక్కడికి వచ్చావా?”

“వచ్చాను. పోయిన వారమే దొరికిందండీ. పాత జవాబులు నా దగ్గర ఇంకో చోట ఉన్నాయి, ఊరికే పోల్చి చూశాను. ఏడాదిన్నర నిద్ర లేకుండా చేశారు. మీకు ఎలా చెప్పను? సరిచేసి కంపైల్‌కి పెట్టాను. నాలుగు రోజులేగా, అయ్యాక అన్నిచోట్లా మార్చేస్తే ఎవరికీ తెలియక్కర్లేదనుకున్నాను.”

ఉండబట్టలేక అడిగాను. “అప్పటిదాకా రాక్‌లు ఆపండి అని ఒక్క ఫోను చెయ్యలేకపోయావా అమ్మా?”

“ఎందుకాపాలో చెప్పాల్సి వస్తుంది కదండీ,” అంది. నేనెవరో కూడా అడగలేదు. “ఆ అమ్మాయిని పట్టుకెళ్ళారని నిన్న రాత్రి తెలిసింది. అయినా పొద్దున వచ్చి బోర్డు మార్చేశాను. ఏం చేస్తున్నానో నాకే తెలీలేదు. తీసింది నా సంచిలోనే ఉంది. తెచ్చి ఇచ్చేస్తాను. పోలీసాయన ఉన్నారా అక్కడ?”

“ఉన్నాను,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఆ పిల్లని వదిలెయ్యండి సార్. ఏం రాసుకోవాలో నా పేరు మీద రాసుకోండి. కానీ ముందు ఇక్కడికి ఎవర్నయినా పంపండి. కొత్త బోర్డులు పెట్టిన మిగతా గోదాముల్లో మార్చేశాను, ఇదొక్కటే ఉంది. పాత ఫైళ్ళు దాచే గోదాము. చెప్పకుండా వచ్చానని లోపలికి రానివ్వట్లేదు. ఆఫీసు వాళ్ళు ఫోను ఎత్తట్లేదు. గాజు తలుపు బయట నిలబడ్డాను. కొడుతున్నాను, లోపలికి వినపడట్లేదు.”

“కంగారు పడకు. ఏం కనపడుతోంది?” అన్నాడు భర్త.

“ఇప్పుడే ఒకతను సందులోంచి బయటికొచ్చాడు. అతను వస్తుంటే ఒకమ్మాయి ఫైళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళింది. పక్కపక్కనే దాటారండీ. పైన సున్నా ఉంది.”

ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్సు తీశాడు. నా వైపు చూడలేదు, గడియారం వైపూ చూడలేదు. “మీట దగ్గర ఎవరున్నారమ్మా?”

“ఒకాయన. కూర్చుని టీ తాగుతున్నాడు.”

“అడ్రసు చెప్పు.”

ఆమె వీధి పేరు చెప్పింది. నంబరు చెప్పబోయి ఆగిపోయింది. గాజు మీద అరచేతులతో బాదుతున్న చప్పుడు ఫోనులో మాకు వినపడింది.

“లేచాడు,” అంది.